ఆందోళనకు వాడే మాత్రలు: కంపెనీ మందుకూ జనరిక్‌కూ తేడా నిజంగా ఉందా?

గుంటూరులో ఉంటున్న మీ అమ్మగారు కొన్నేళ్లుగా డాక్టరు రాసిన ఆల్ప్రజోలమ్ 0.5 మిల్లీగ్రాముల మాత్రను పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారని రాశారు. గత నెల ఖర్చు తగ్గుతుందని, పేరున్న కంపెనీ మాత్రకు బదులు జనరిక్ షాపులో అదే మందు కొనిచ్చారు. వారం తిరక్కుండానే ఆమెకు నిద్ర చెదిరింది, సాయంత్రమయ్యేసరికి గుండె దడ మొదలవుతోంది, "ఈ మాత్రకు పట్టు లేదు" అంటున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య మాత్రం, అక్కడ అందరూ జనరిక్‌లే మింగుతున్నారు కాబట్టి ఇదంతా అమ్మ అనుమానమేనని కొట్టిపారేశారు. జనరిక్‌లో మందు తక్కువ వేస్తారా, లేక ఇది మనసు చేసే మాయా అన్నది మీ ప్రశ్న.

ఆసుపత్రి మందుల విభాగంలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో సమాధానం చెబుతాను. అంతకుముందు ఒక జాగ్రత్త. ఈ చర్చ తేలేలోపు ఆమె విసుగుతో మాత్ర పూర్తిగా మానేయకుండా, పట్టు కోసమని ఒకటికి రెండు వేసుకోకుండా చూడండి. ఏళ్ల తరబడి వాడిన ఆల్ప్రజోలమ్‌ను ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, అంతకుముందు లేనంత గాబరా వస్తాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. బెంజోడయాజిపైన్లు అనే ఈ వర్గం మందులన్నిటి మీదా, శరీరం వాటికి అలవాటు పడటం గురించీ, ఆపినప్పుడు వచ్చే లక్షణాల గురించీ గట్టి హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో ఆదేశించింది. తెలంగాణ వాళ్లకు ఈ సంగతి మరోరకంగా అనుభవమే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి, ఆల్ప్రజోలమ్, డయాజిపామ్ కలిపిన కల్లు ఉన్నట్టుండి దొరకకుండా పోయినప్పుడు, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు. ఆ కల్లులో కలిపిన పొడికి ఏ బ్రాండు పేరూ లేదు, అయినా దాని పని అది చేసింది.

ఇక అసలు విషయానికి వస్తే, జనరిక్ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది, మీ అన్నయ్య మనసులో ఉన్నది ఒకటి కావు. ఆల్ప్రజోలమ్‌ను కనిపెట్టింది అప్‌జాన్ అనే అమెరికా సంస్థ. అది 1981లో జానాక్స్ పేరుతో అక్కడ అనుమతి పొందింది. పేటెంటు గడువు 1993లో తీరింది. కాబట్టి అమెరికాలో కనిపెట్టినవారి జానాక్స్ మూలమందు, పేటెంటు తీరాక అదే మందును ఇతరులు తయారుచేసినవన్నీ జనరిక్‌లు. మన దేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటును తీసేసి, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంచింది, 2005 సవరణ వచ్చేదాకా అదే నడిచింది. ఆ వెసులుబాటులోనే మన కంపెనీలు ఎవరి పేరుతో వారు ఇలాంటి మందులను తయారుచేసి అమ్ముకున్నాయి. ఆల్ప్రాక్స్, రెస్టిల్, ట్రికా అంటూ మనం షాపులో పేరు పెట్టి అడిగేవాటిలో ఏదీ కనిపెట్టినవారి మందు కాదు. అవన్నీ పేరు పెట్టుకున్న జనరిక్‌లే. అంటే మీ అమ్మగారు "ఒరిజినల్" నుంచి నకలుకు మారలేదు, ఒక తయారీదారు చేసిన జనరిక్ నుంచి మరో తయారీదారు చేసిన జనరిక్‌కు మారారు. ఇది మాటల గారడీ కాదు, ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మనం అడగవలసిన ప్రశ్నే మారిపోతుంది. జనరిక్ మంచిదా కాదా అని కాకుండా, ఈ రెండు మాత్రలను తయారుచేసిన వాళ్లెవరు, ఎలా తయారుచేశారు, మారినప్పుడు వాటితోపాటు ఇంకేం మారింది అని అడగవలసి ఉంటుంది.

రెండు మాత్రలు ఒకటేనని తేల్చే పద్ధతి గురించి ఒక అపోహ బాగా వ్యాపించి ఉంది. జనరిక్‌లో మందు 20 శాతం తక్కువైనా, 25 శాతం ఎక్కువైనా ఒప్పుకుంటారని చాలామంది, కొందరు డాక్టర్లు కూడా, నమ్ముతారు. ఆ అంకెలు మాత్రలో వేసే మందుకు సంబంధించినవి కావు. ఆరోగ్యవంతులైన కొందరికి ఒకసారి మూలమందు, కొద్దిరోజుల విరామం తర్వాత ఇంకోసారి జనరిక్ ఇచ్చి, రక్తంలోకి మందు ఎంత చేరింది, ఎంత వేగంగా శిఖరానికి ఎక్కింది అని కొలుస్తారు. ఆ రెండింటి నిష్పత్తి సగటు మాత్రమే కాదు, లెక్కలో ఉండే అనిశ్చితికి అటూ ఇటూ వేసే అంచులు కూడా 80 నుంచి 125 శాతం మధ్యలోనే ఇమడాలి. అంచులు ఇమడాలంటే సగటు 100కు బాగా దగ్గరగా ఉండక తప్పదు. 1996 నుంచి 2007 వరకు తమ ముందుకు వచ్చిన 2,070 అధ్యయనాలను ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు లెక్కవేసి 2009లో ప్రచురించినప్పుడు, శరీరంలోకి చేరిన మొత్తంలో సగటు తేడా 3.56 శాతం, శిఖరస్థాయిలో 4.35 శాతం అని తేలింది. ఒకే మనిషి ఖాళీ కడుపుతో ఒకరోజు, భోజనం చేసి మరోరోజు వేసుకున్నా ఇంతకన్నా పెద్ద తేడా రావచ్చు.

మీ అన్నయ్య ధీమాకు ఆధారం ఇది, అది గట్టి ఆధారమే. పైగా ఆయన అక్కడ వాడే జనరిక్‌లలో మన దగ్గర తయారయ్యేవి తక్కువేమీ కాదు. 2001 ఆగస్టులో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, కుంగుబాటు మందు ప్రోజాక్‌కు జనరిక్‌గా ఫ్లూఓక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికాలో అమ్మడం ఈ పరిశ్రమ చరిత్రలో పెద్ద ఘట్టం. కానీ ఆ ధీమాను యథాతథంగా గుంటూరు షాపుకు తీసుకురావడం కుదరదు. ఎగుమతి అయ్యే మాత్ర ఎఫ్‌డీఏ లెక్కకు జవాబు చెప్పాలి. ఇక్కడ అమ్మే మాత్రకు, చాలాకాలంపాటు, ఒక కొత్త మందు దేశంలోకి వచ్చిన మొదటి నాలుగేళ్లు దాటితే, రాష్ట్ర అధికారుల వద్ద లైసెన్సు తీసుకునేవారు రక్తపరీక్షలతో సమానత్వాన్ని నిరూపించవలసిన పనే ఉండేది కాదు. 2017 ఏప్రిల్‌లో చేసిన సవరణతోనే, నీటిలో సరిగా కరగని వర్గాలకు చెందిన మందులకు ఆ పరీక్ష తప్పనిసరి అయింది. అంతకుముందే లైసెన్సు పొందిన మాత్రలు ఆ పరీక్షలో నెగ్గాయని అనుకోవడానికి లేదు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఈ లోటు చవక మాత్రకెంత వర్తిస్తుందో, డాక్టరు బల్లమీది పెన్నుపై పేరు కనిపించే పాత మాత్రకూ అంతే వర్తిస్తుంది. పేరు పెద్దది కావడం పరీక్ష జరిగిందనడానికి రుజువు కాదు.

తయారీలో నిజంగా తేడా రాగల చోటు ఒకటుంది, అది ఈ వర్గం మందులకు ప్రత్యేకం. మాత్ర బరువు వంద మిల్లీగ్రాముల చొప్పున ఉంటే అందులో ఆల్ప్రజోలమ్ అర మిల్లీగ్రామే. మిగిలినదంతా పిండిపదార్థం, లాక్టోజ్, సెల్యులోజ్ వంటి పూరకాలు. ఇదే వర్గానికి చెందిన క్లోనజెపామ్ సంగతీ అంతే. ఇంత తక్కువ మందును లక్షల మాత్రలకు సరిపడే పొడిలో ప్రతి మాత్రకూ సమానంగా అందేలా కలపడం నేర్పుతో కూడిన పని. పులిహోర కలిపేటప్పుడు ఉప్పు ఒకచోటే పడిపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అందుకే ఔషధ ప్రమాణ గ్రంథాలు ఇలాంటి మాత్రలను కలిపి నూరి సగటు చూస్తే సరిపోదని, కొన్నిటిని విడివిడిగా పరీక్షించాలని నియమం పెట్టాయి. సగటున లేబుల్ మీద రాసినదానిలో సాధారణంగా 90 నుంచి 110 శాతం లోపు ఉండాలి. జాగ్రత్తగా నడిచే కర్మాగారంలో ఇది ఇబ్బంది కాదు. నిర్లక్ష్యంగా నడిచేచోట ఒక రోజు మాత్ర బలంగా, ఇంకో రోజుది పలచగా ఉండే ప్రమాదం ఉంటుంది. ప్రమాణాలకు తగని బ్యాచుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతినెలా ప్రకటిస్తుంది. ఆ జాబితాల్లో ఊరూపేరూ లేని మాత్రలతోపాటు పేరున్నవీ కనిపిస్తుంటాయి.

మనసు పాత్ర గురించి ఇప్పుడు చెబుతాను, కానీ దీన్ని అమ్మగారి మీద అస్త్రంగా వాడకండి. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో 62 మంది విద్యార్థులకు, పరీక్షల ముందు ఆందోళన తగ్గించే మందు అని చెప్పి మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రల్లో మందే లేదు. మొదటి విడత తర్వాత కొందరికి అదే మాత్ర కొనసాగించి, కొందరికి మరో బ్రాండుకు, కొందరికి జనరిక్‌కు మారుస్తున్నామని చెప్పారు. మార్చామని చెప్పిన వాళ్లలో ఆందోళన, రక్తపోటు తగ్గడం తక్కువైంది. 2013లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. జనరిక్‌కు మారినవారే కాదు, ఒక బ్రాండు నుంచి మరో బ్రాండుకు మారామని నమ్మినవాళ్లలోనూ ప్రభావం తగ్గింది. దెబ్బతీసింది "జనరిక్" అన్న మాట కాదు, మార్పు. అదే న్యూజిలాండ్‌లో 2007లో ఎల్‌ట్రాక్సిన్ అనే థైరాయిడ్ మాత్రలో మందు మారకుండా రూపం, పూరకాలు మారినప్పుడు, అంతకుముందు ముప్ఫై ఏళ్లలో 14 ఫిర్యాదులు వచ్చినచోట ఏడాదిన్నరలో 1,400 పైచిలుకు వచ్చాయి.

ఆందోళనకు వాడే మందులో ఈ ప్రభావం మరీ బలంగా ఉండటానికి కారణం స్పష్టమే. రక్తపోటు మాత్ర పట్టిందో లేదో యంత్రం చెబుతుంది. ఆందోళన మాత్ర పట్టిందో లేదో రోగి తన గుండె చప్పుడు వింటూ, తన నిద్రను తానే కాపలా కాస్తూ తేల్చుకోవాలి. ఆ కాపలాయే దడను పెంచుతుంది. ఏళ్ల తరబడి ఒకే రంగు, ఒకే ఆకారం ఉన్న మాత్ర చేతిలోకి రాగానే కొంత నెమ్మది కలగడం శరీరం నేర్చుకున్న విషయం. కొత్త షీటు ఆ నెమ్మదిని ఇవ్వదు. ఇది అబద్ధపు బాధ కాదు. దడ నిజంగానే కొట్టుకుంటుంది, నిద్ర నిజంగానే పోతుంది.

అలాగని రోగి చెప్పినదంతా మనసు పనేనని తేల్చేయడం ఎంత తప్పో చూపే ఉదాహరణ అమెరికాలోనే ఉంది. బుప్రోపియాన్ అనే కుంగుబాటు మందును నెమ్మదిగా విడుదలచేసే మాత్రకు, 300 మిల్లీగ్రాముల్లో బ్యుడెప్రియాన్ ఎక్స్‌ఎల్ అనే జనరిక్ 2006లో అనుమతి పొందింది. పరీక్షలు 150 మిల్లీగ్రాముల మాత్ర మీద చేసి, 300కు కూడా అవే వర్తిస్తాయని అనుకున్నారు. మార్చిన రోగులు పనిచేయడం లేదని మొత్తుకున్నారు. 2008లో ఎఫ్‌డీఏ రెండూ సమానమేనని సమర్థించింది. చివరికి తానే పరీక్ష చేయించి, 2012లో ఆ జనరిక్ సమానం కాదని ఒప్పుకుంది, ఆ మాత్ర మార్కెట్టు నుంచి తప్పుకుంది. రోగుల మాటే నిజమైంది. ఇందులో మనకు పనికొచ్చేది "నెమ్మదిగా విడుదలచేసే" అన్న మాట. మామూలు ఆల్ప్రజోలమ్ మాత్ర కరిగి గంట రెండు గంటల్లో శిఖరానికి చేరుతుంది. తేడాకు పెద్దగా చోటు లేదు. కానీ షీటు మీద, నెమ్మదిగా విడుదలయ్యేదని చెప్పే ఎస్‌ఆర్ అనో, ఎక్స్‌ఆర్ అనో ఉంటే, మందు ఎంతసేపటికి, ఏ తీరులో బయటికి వస్తుందన్నది తయారీదారు వాడే పూత మీద, జిగురు మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ తయారీదారును మార్చడానికి నేను తొందరపడను. మామూలు మాత్రకూ ఎస్‌ఆర్ మాత్రకూ పొరపాటున మార్పిడి జరిగితే ఇంకా చిక్కు. ఎస్‌ఆర్ మాత్రను సగానికి విరిచి వేసుకోవడం మరో చిక్కు.

నా అనుభవంలో, జనరిక్ పనిచేయలేదని వచ్చినవారి రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చదివితే, చాలాసార్లు అవి ఒకే మందు కాలేదు. మన మార్కెట్టులో ఒకే పేరుకు ప్లస్, ఫోర్ట్, ఎల్‌ఎస్ వంటి తోకలు తగిలిస్తారు. ఆందోళనకు, కుంగుబాటుకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ ఒక్కటే ఉన్న మాత్రకూ, దానితోపాటు క్లోనజెపామ్ కలిపిన మాత్రకూ పేరులో తేడా ఒక్క తోకే. చీటీలో ప్లస్ అని ఉండి, జనరిక్ షాపులో "ఎస్సిటాలోప్రామ్ 10 ఇవ్వండి" అని అడిగితే, అడిగింది అడిగినట్టే ఇస్తారు. రోగి తనకు తెలియకుండానే క్లోనజెపామ్ మానేస్తారు. నాలుగైదు రోజుల్లో నిద్ర పట్టకుండా పోతుంది, వణుకు వస్తుంది, నింద జనరిక్ మీద పడుతుంది. ఆల్ప్రజోలమ్‌లో 0.25, 0.5 తేడా కూడా ఇంతే. చుక్క తర్వాతి అంకె చత్వారం వచ్చిన కళ్లకు కనిపించదు. కాబట్టి మీరు మొదట చేయవలసిన పని, పాత షీటు దొరికితే దాన్నీ కొత్తదాన్నీ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో "ప్రతి మాత్రలో" అన్నచోట ఉన్న మందు పేరు, మోతాదు, విడుదల తీరు, తయారీదారు, బ్యాచ్ నంబరు ఫోటో తీసి పెట్టుకోవడం. అమ్మిన కంపెనీ, తయారుచేసిన కంపెనీ వేరుగా ఉండవచ్చు. చవక మాత్ర, ఖరీదైన మాత్ర ఒకే చిరునామాలో తయారైనట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

రెండూ అక్షరాలా ఒకటే అయితే, అదే సమయంలో ఇంకేం మారిందో చూడండి. ఆల్ప్రజోలమ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది, వయసు మీదపడినవారిలో ఇంకాస్త ఎక్కువ. పొద్దున వేసుకున్న మాత్ర సాయంత్రానికి పలచబడి, తర్వాతి మాత్రకు ముందు గాబరా తలెత్తడం ఏళ్లుగా వాడేవారిలో మామూలే, అది పాత మాత్రతోనూ వస్తుంది. మీరు చెప్పిన సాయంత్రపు దడ దీనికి సరిగ్గా సరిపోతోంది. ఆమె పొద్దుటి మాత్రను ఈమధ్య మునుపటికన్నా పెందలాడే వేసుకుంటున్నారేమో కూడా అడగండి. ఇంకొకటి ఎవరూ అడగనిది. కోస్తాలో ఉక్కపోతకు తామర ఎక్కువ, దానికి ఇట్రాకొనజోల్ వారాల తరబడి రాస్తారు. ఆ మందు ఆల్ప్రజోలమ్‌ను కాలేయంలో విరగనివ్వకుండా రక్తంలో దాని స్థాయిని పెంచుతుంది, అందుకే రెండూ కలిపి వాడకూడదంటారు. తెలియక కలిపి వాడి, తామర మందు కోర్సు ముగిస్తే, అదే ఆల్ప్రజోలమ్ ఉన్నట్టుండి చప్పబడినట్టు ఉంటుంది. ఫిట్స్‌కు, నరాల నొప్పికి ఇచ్చే కార్బమజెపైన్ కొత్తగా మొదలుపెట్టినా ఆల్ప్రజోలమ్ బలం తగ్గుతుంది. థైరాయిడ్ మోతాదు పెరిగిందేమో కూడా డాక్టరు దృష్టికి తేవాలి.

చట్టం గురించి కూడా మీకు తెలియాలి. మన ఔషధ నియమాల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుకు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందుకు, డాక్టరు ఒక ఉత్పత్తి పేరు రాస్తే, షాపువారు దాని బదులు వేరొకటి, అదే మందున్నదైనా, తమంతట తాము ఇవ్వకూడదు. అమెరికాలో ఫార్మసిస్టు మార్చవచ్చు, ఇక్కడ వీలులేదు. ఆల్ప్రజోలమ్ 2014 నుంచి అమల్లో ఉన్న, మరింత కట్టుదిట్టమైన హెచ్1 షెడ్యూల్‌లో కూడా ఉంది. మందు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు షాపువారు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ అడగకుండా ఇచ్చే షాపు, జనరిక్‌దైనా మరొకటైనా, మీరు వెళ్లదగినది కాదు. ఖర్చు తగ్గించుకోవాలంటే డాక్టరుతోనే చెప్పి, చీటీలో మందు పేరు రాయించుకుని, లైసెన్సు కనిపించేలా పెట్టిన దుకాణంలోనో, జన్ ఔషధి కేంద్రంలోనో, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకుని కొనండి. ఆ తర్వాత నెలకొక తయారీదారు మాత్ర కొనకుండా ఒకదానికే కట్టుబడండి. ఒక్కో జనరిక్‌ను మూలమందుతోనే పోల్చి చూస్తారు తప్ప, అనుమతి కోసం రెండు జనరిక్‌లను ఒకదానితో ఒకటి పోల్చి చూపనక్కరలేదు. అందుకే చవకదనం కన్నా నిలకడ ముఖ్యమని నా అభిప్రాయం.

ఇప్పటికైతే, షీట్ల ఫోటోలతో ఆమెను ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పాత మాత్రకే తిరిగి వెళదామని డాక్టరు అంటే, దాన్ని అమ్మ అనుమానానికి లొంగడంగా భావించకండి. నెలకు మిగిలే కొద్ది రూపాయల కన్నా ఆమె నిద్ర విలువైనది. ఇన్నేళ్ల వాడకం తర్వాత మోతాదును నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గించి, ఎస్సిటాలోప్రామ్ వంటి అలవాటు చేయని మందుకో, కౌన్సెలింగ్‌కో మారే వీలుందా అని కూడా అడగండి. ఆ ప్రశ్న అడగడానికి ఇది మంచి సందర్భం. ఆలోపు ఫిట్స్, తీవ్రమైన వణుకు, మనిషిని గుర్తుపట్టలేని అయోమయం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. మాత్రలోనే లోపం ఉందని డాక్టరు కూడా అనుమానిస్తే, మిగిలిన మాత్రలు పారేయకుండా షీటుతో సహా దాచి, బిల్లుతో జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వండి. మందు వల్ల కలిగిన ఇబ్బందిని రోగి తరఫువారే నేరుగా నమోదు చేయించడానికి ఔషధ నిఘా కార్యక్రమం వారి ఉచిత ఫోను నంబరు 1800-180-3024 ఉంది. బ్యాచ్ నంబరు చేతిలో పెట్టుకుని చేయండి, మొదట అడిగే వివరాల్లో అదొకటి.